సున్నా మూటలు

కళ్యాణదుర్గంలో శెనిక్కాయల మిల్లు, కాటా పక్కన గది.
ఫ్యాను వేస్తే పొట్టు లేస్తుంది,
ఆపితే కీబోర్డు మీద చెమట.
గుమాస్తా కుళ్లాయప్ప
పాత చీటీల కట్టలు తెచ్చి లాప్‌టాప్ పక్కన దించాడు.
"తరుగు లెక్క దీనికి నేర్పప్పా" అన్నాడు.

నేను లెక్క రాయలేదు.
లెక్క తప్పితే ఎట్లా తెలుస్తుందో అది రాశాను ముందు.

ఆయనకు వింతేమీ అనిపించలేదు.
"నూరు గింజలు తడిగోనెలో సుట్టి పెడ్తాం గదా,
ఎన్ని మొలుస్తాయో సూసినాకే గొర్రు కట్టేది."

మొదటి పరీక్ష తిప్పక్కది.
నలభై ఒక్క మూటలు, పదహారు వందల నలభై కిలోలు,
మూటకో కిలో గోనె తీసి,
ఎక్కువున్న తేమకు నూటికి మూడు తీసి
పదిహేను వందల యాభై ఒకటి రావాలి.
ఆ ఏడు ఒక అంకె తప్పు రాసినందుకు
పొద్దు గూకేదాకా కాటా మీద నుంచి దిగలేదంట ఆమె.

నడిపితే స్క్రీనంతా ఎరుపు.
కోడే లేదు మరి, ఎరుపే రావాలి.
దుక్కి ఎర్రగుంటే ఎవరూ భయపడరు ఇక్కడ,
విత్తని చేను పచ్చగా కనిపిస్తే
అప్పుడు చూసుకోవాలి కళ్లు.

అసిస్టెంట్‌కు అప్పజెప్పాను.
టీ గ్లాసు పెదవికి తగిలేలోపు పచ్చ.
తెరిచి చూస్తే లోపల ఇంతే:
మూటలు నలభై ఒకటైతే
పదిహేను వందల యాభై ఒకటి అను.
గోనె లేదు. తేమ లేదు.
కుళ్లాయప్ప దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"మా సిన్నోడే ఇది! ఎనక పేజీలో జవాబు సూసి
లెక్క సేసినానంటాడు."

తప్పు దానిది కాదేమో.
ఒక్కటే ప్రశ్న అడిగాను, ఒక్కటే జవాబిచ్చింది.
రెండో చీటీ పెట్టాను, వానకు తడిసిన మూటలది.
మూడోది, సగం మూట తెచ్చిన కౌలు రైతుది.
అప్పుడు గాని అది కూడికలు తీసివేతలు మొదలు పెట్టలేదు.
పరీక్షలు మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను,
ఓడిపోతే గీత జరిపే రకంలా ఉంది.

పన్నెండో చీటీ దగ్గర ఆగింది.
ఇరవై తొమ్మిది మూటలకు ముప్పై గోనెలు తీసినట్టుంది,
పరీక్షలోనే పొరపాటేమో చూడండి, అంది.
చూడనన్నాను. మళ్లీ అదే అంది.
చీటీ వెలుతురులో పెట్టి లెక్కబెట్టాను,
నిజమే, ఒక కిలో.

కుళ్లాయప్ప అద్దాలు తుడిచి తుడిచి చూశాడు.
"రాత నాదే" అన్నాడు.
పైన పేరు ఎర్రిస్వామి.

బయట హమాలీలు మూటలు దించుతున్నారు.
చాలాసేపు ఆ చప్పుడే.

"ఇంకొకటి రాయి. మూటలు సున్నా."
సున్నా మూటలకు చీటీ ఎందుకన్నాను.
"ఆ మర్సటేడు వాన ల్యాకపాయె.
మా గోనెలు సంకలో మడిసి పెట్టుకొచ్చినాడు ఇదే ఎర్రిస్వామి,
తిరిగిచ్చేదానికి.
చీటీ ఇయ్యమన్నాడు.
పంట ల్యాకుండా చీటీ ఏందని పంపించినా."

రాసి నడిపాను.
మూటకు సగటు బరువెంతో తేల్చబోయి
సున్నాతో భాగించలేక
పడిపోయింది ప్రోగ్రామ్.
పన్నెండు పచ్చల కింద ఒక ఎరుపు.

సరిచేయమంటారా అని అడుగుతోంది అసిస్టెంట్.
ఉండమన్నాను.
ముందు జవాబు ఏం రావాలో తెలియాలి కదా,
అది దానికీ తెలియదు, నాకూ తెలియదు.

కుళ్లాయప్ప ఒక్కో మాట ఆపి ఆపి చెప్పాడు.
"పేరు.
తేదీ.
గోనెలు ముట్టినవి."
కొట్టాను.
"కింద గుమాస్తా సంతకం" అన్నాడు.