కొమ్ముదీర్ఘం

గోపాలపురం రేవులో ఇప్పుడు
జెట్టీ స్తంభాలు నాలుగు,
వాటి మీద ఎవరో ఆరేసిన వల.
ఇక్కడే ఎక్కాడట రంగం ఓడ
మా తాత చోడిపల్లి నూకన్న.
అలల మీద పెరిగినోడు
అల కనబడని పనికి కుదిరాడు:
ఓడ అడుగున, బాయిలర్ ముందు,
చేతిలో పార.

"నీళ్ళల్లో కాదురా, నిప్పు కాడ పోనాడు"
అనేది నాయనమ్మ దాలమ్మ
కవ్వళ్ళ పొలుసు గీకుతూ, తలెత్తకుండా.

యుద్ధం ఎవరిదో ఆమెకి తెలీదు.
కంపెనీ కాగితం ఇంగ్లీషులో వచ్చింది.
పోస్టుమేను ఒరియాలో చెప్పాడు,
ఉప్పు కొటారు గుమాస్తా తెలుగులో చెప్పాడు.
ఇన్ని నోళ్ళు దాటొచ్చేసరికి
"మునిగింది" ఒక్కటే మిగిలింది.
పేరు కూడా తప్పే. నోకయ్య.
ఎవడో నోకయ్య పోయాడని
పదిరోజులు గాజులు తియ్యలేదు.

తర్వాత నెలనెలా బరంపురం వెళ్ళి
ఆ నోకయ్య పెళ్ళాంగానే వేలిముద్ర వేసి
పద్నాలుగు రూపాయలు
కొంగున ముడేసుకొచ్చేది.
అందులోంచే మా నాన్నకి తెప్ప.
నాకు పలక.

తుఫాను వెలిసిన పొద్దుల్లో
వాడంతా ఒడ్డమ్మట వెతుక్కునేది.
ఆమె మాత్రం
పొయ్యిలో బూడిద తీస్తూ కూర్చునేది,
చాలాసేపు.

ఇవాళ బడిలో
ఒరియా గుణింతం అయ్యాక
నల్లబల్ల మీద తెలుగులో రాశాను:
నూకన్న.
కొమ్ముదీర్ఘం బల్ల అంచుదాకా పోయింది.
తుడవడానికొచ్చిన పిల్ల
డస్టరు పట్టుకుని ఆగింది.
"ఎవరు మాస్టారూ?"
"బొగ్గేసేవాడు" అన్నాను.
"ఎక్కడ?"
కిందకి చూపించాను.