మంచం కింది డబ్బా

లింబాద్రీ,
నైట్ డ్యూటీ దిగొచ్చి నిద్ర పట్టక
పై మంచం మీద మసులుతున్నవు గద,
దిగు.
నా మంచం కిందికి చెయ్యి పెట్టు.
ఖాళీ ఆపిల్ డబ్బా తగుల్తది.
అండ్ల పదిహేడు పుస్తకాలున్నయి.
ఒక్కటి గూడ పైసలెట్ల సంపాయించాల్నో చెప్పేది కాదు.
సెలవుల మీద పోయినోళ్లు
ముప్పై కిలోల సామాన్ల ఒక తొక్కు సీసా తగ్గించుకొని
సోహార్ దాకా మోసుకొచ్చినవి.

ముందుగాల లావుది తియ్యకు.
అణువులది అది.
నేను మూడు మాట్ల మొదలువెట్టిన,
మూడు మాట్ల నలభయ్యో పేజీ కాడ్నే
కన్ను మూతవడ్డది.

అట్ట ఊడిపోయి
నీలం దారంతోని కుట్టినది ఉంటది చూడు,
సముద్రం గురించి. అది తీస్కో.
మొన్న పోర్టుల ఫోర్మన్ను అడిగినవు గద,
పొద్దుగాల గోడకు సమానంగున్న ఓడ
పగటీలికి అంత కిందికెట్ల జారిందని.
వాడు నవ్విండు.
ఈ పుస్తకం నవ్వదు.
చెయ్యి పట్టుకొని నీళ్ల మీద నడిపిచ్చుకుంట
చంద్రుని గడప దాక తీస్కపోతది.

దాని ఎనుక చీమలది.
సన్నది, ఒక్క శుక్రవారం సాలు.
చీమలు తొవ్వ పొడుగూత వాసన రాస్కుంట పోతయట,
ఎనుకొచ్చేది చదువుకుంట వస్తదట.
ఇది తెల్సినంక
మెస్సుల చక్కెర డబ్బా కాడ
నీ చెప్పు లేవది.

ఎర్ర అట్టది నెత్తురు గురించి.
వడదెబ్బకు పడిపోయి లేచినంక పోశెట్టి చదివిండు.
"ఉప్పునీళ్లు ఎందుకు తాగుమంటరో గిప్పుడు తెల్సింది" అని
పక్క అంచుల పెన్సిల్‌తోని రాసి
సంతకం వెట్టిండు,
జీతం కాయితం మీద పెట్టినట్టే, కింద గీత గీసి.
అచ్చు తర్వాత చదువు.
ముందు పోశెట్టిని చదువు.

చుక్కలది ఇప్పుడే వద్దు.
ఈడ రిఫైనరీ మంట ఆకాశాన్ని నారింజ తొక్క జేసింది,
దేన్ని చూస్తవు?
వాదీ హీబీ దిక్కు పైపుల పనికి పంపుతరు జూడు,
ఆ వారం సంచిల వేస్కపో.
రాత్రి టార్చి ఆర్పి తల ఎత్తు.
నీ కంట్ల పడ్డ ఆ వెలుగు
ఇంటి నుంచి బయలెల్లిన నాడు
ఈ ఇసుక కింద నూనె ఉన్నదని ఎవ్వనికీ తెల్వదు.

రాళ్ల పుస్తకానికి పన్నెండు పేజీలు లేవు,
ఎవడో మిర్చి బజ్జీలు చుట్టిండు.
అటు కనవడే నల్ల గుట్టలు ఒకప్పుడు
సముద్రం అడుగున ఉండెనట.
అడుగు మీదికెట్ల లేచిందో
ఆ పన్నెండు పేజీలల్లనే ఉన్నది.
ఏడాది నుంచి వాదులాడుతున్నం,
ఆరో నంబరు రూమోళ్లది ఒక మాట, మనది ఒక మాట.

నువ్వు కొత్తది కొననీకి పోతే
నాకు తెల్సిన గుర్తు ఒక్కటే చెప్త.
తిరగేస్తుంటే ఏడనో ఒక కాడ
"ఇది మాకింకా తెలియదు" అని రాసుండాలె.
అది ఉన్నదా, కొను.
లేదా, కిందవెట్టి రా.
అన్నీ తెల్సిన పుస్తకం ఒకటి ఈ డబ్బలనే ఉండె.
నాకు వీసా అమ్మిన ఏజెంటు లెక్కనే మాట్లాడేది,
ప్రతి మాటకు జవాబు, ఏ జవాబుకూ ఆధారం లేదు.
గ్యాసు పొయ్యికి ఒక కాలు పొట్టిగుండె,
గిప్పుడు సమానంగ నిలవడ్డది.

షరతులు రెండే.
పేజీ మూల మడవకు,
నీళ్ల బాటిల్ లేబుల్ చింపి పెట్టుకో.
కూర చేతుల్తోని ముట్టకు.

ఇంకోటి.
ఎప్పుడన్న ఆ లావుది తీసి
నలభై దాటితివా,
నేను నిద్రల ఉన్నా సరే, లేపు.
నలభై ఒకటిల ఏమున్నదో
నాకు చెప్పి పండుకో.