పంగలకర్ర

ఇస్కపల్లి నుంచి సోమశిలకు
సముద్రం లేదు, రోడ్డే.
వేట నిషేధం రెండు నెలలు.
అందాకా మా పడవ అక్కడ
ఓబులేసు మేకల్ని అవతలి గట్టుకు దాటిస్తాది.
బాడుగ మాట్లాడుకున్నాం.
చేపల వాసనకి మేకలు ఎక్కుతాయో లేదో, అది ఆయన బాధ.

ట్రక్కులో పాత టైర్లు పరిచి
అణియం ముందుకు, అమరం వెనక్కి పెట్టినాం.
డోరు ఊడదీసినా మూరెడు పడవ బయటికే ఉండాది.
ఆ చివర పలక్కి వేలాడతా
నలభై కిలోల ఇంజను.

"పైకెత్తి కొక్కెం ఏస్తే చాలదా వదినా"
అన్నాడు పోలేరు.
పోయినేడు చాలుననే అనుకున్నాం.
అల్లూరు దాటినాక ఒక గుంటలో ట్రక్కు ఎగిరిపడితే
కొక్కెం పుల్లలాగా విరిగి
ఇంజను కాలు తారు మీద నిప్పులు గీసుకుంటా వచ్చింది.
ఎనకాల లారీవాడు హారను కొడతా ఉంటే
దారి అడుగుతున్నాడనుకుని
మర్యాదగా పక్కకు తీసినాం.

మూడు రెక్కల్లో ఒకటి పోయింది. పోనీ.
అమరం పలకలో మాత్రం వెంట్రుకంత చీలిక.
ఎండలో కనపడదు,
తడిపితే కనపడతాది.

కావలిలో మస్తానయ్య
దాంట్లో గోరు దూర్చి చూసినాడు. తిట్టలేదు.
"నీళ్లలో ఇది తోసేది తల్లీ.
రోడ్డెక్కితే ఉట్టి బరువు.
తోపును ఓర్చుకోడానికే చేసినారు పలకని,
గుంట గుంటకీ ఊగే బరువును ఎన్నాళ్లని మోస్తాది?
దాన్ని నేరుగా ట్రక్కు ఇనుముకు అప్పగించు."
పదకొండు వేలు తీసుకున్నాడు.
ఆ మాటక్కూడా అందులోనే లెక్క వేసినాడేమో.

ఈసారి అందుకే
సర్వితోటలో రెండు పూటలు తిరిగినా, ఒక్క పంగ కోసం.
సర్వి నిటారుగా పోయే చెట్టు,
అడిగితే పంగ ఇవ్వదు.
తుఫాను నెత్తి విరిచిన చోట
రెండుగా చిగిర్చి లావెక్కిన కొమ్మ
చివరికి ఒకటి దొరికింది.

మొదలు ట్రక్కు ఎనక కమ్మీకి ఆనాలి,
పడవకు కాదు.
పంగలో ఇంజను కాలు కూర్చోవాలి,
రెక్కలకు పైన, బొత్తిగా ఎత్తకుండా,
తారుకు మోకాలెత్తున.
ఒరుసుకోకుండా సైకిలు ట్యూబు నాలుగు చుట్లు.
ఆపైన మోకు.
కర్ర కింద నుంచి మొయ్యడమే కాదు,
మోకు పైనుంచి లాగి పట్టుకోవాలి,
రెండూ కలిస్తేనే ఇంజను కదలదు.
పిడి అటూ ఇటూ తిరగకుండా ఇంకో తాడు.
తోకకు ఎర్రగుడ్డ.
పోలేరు వేసిన ముడి విప్పి నేను మళ్లీ వేసినా.
వాడు అలిగి పోయి ట్రాక్టరు ఎక్కినాడు.

నేను అమరంలో కూర్చున్నా,
ఇంజను నెత్తి మీద చెయ్యేసి.
బుచ్చి సెంటర్లో పిల్లకాయలు
"అక్కా, వల వెయ్యి!" అని అరిచినారు.
వేసినట్టు చెయ్యి విసిరినా.

గుంట వస్తే కళ్లు పలక మీదికే పోతాయి.
ట్రక్కు లేస్తే కర్ర లేస్తాది,
కర్రతో ఇంజను, అంతే ఎత్తు.
పలక ఊరకుండాది,
ఎవురో తన మాట కూడా ఇన్నట్టు.

సంగంలో టీ తాగినాం.
మోకు చూస్తే రెండు వేళ్లు దూరేంత వదులు.
ముడి నాదే గదా,
పోలేరు గ్లాసులోకి నవ్వినాడు.
ఈసారి ఇద్దరం కలిసి బిగించినాం.

సోమశిలలో దించినాక
దోసెడు నీళ్లు పలక మీద చల్లి
వంగి చూసినా.
మస్తానయ్య పూసిన మందు కింద పాతది ఉండాది.
కొత్తది లేదు.
"ఈ కర్ర కూడా బాడుగకేనా?" అన్నాడు ఓబులేసు.
కాదన్నా.

తిరుగు ట్రక్కు ఖాళీ.
టైర్ల మధ్య పడుకుని
ట్యూబు చుట్టిన పంగలో తల పెట్టినా.
జుట్టుకు గ్రీజు, కిరసనాయిలు వాసన.
ఆత్మకూరు రాకముందే నిద్ర పట్టింది.
ఆ ఎనక ఎన్ని గుంటలొచ్చినాయో
నాకు తెలవదు.