మాత్ర మీద గీత

మైదుకూరు నాలుగు రోడ్ల కాడ
పొద్దున ఏడింటికి మందుల షాపు షట్టరు ఎత్తుతాను.
ఆ చప్పుడుకే మా నాయన గుర్తొస్తాడు,
కేసీ కెనాలు లస్కరు కంబగిరి.
ఆయన షట్టరు ఎత్తితే నీళ్ళు పోయేవి.
నేను ఎత్తితే చీటీలొస్తాయి.

పోయిన ఫాల్గుణంలో ఒక చీటీ, సుంకులమ్మది.
చాపాడు అవతల ఎకరన్నర ఉల్లి.
"గుండెకాయ గొంతులోకొచ్చి కొట్టుకుంటాంది పాపా,
కడపలో పటం తీసి ఏమీ లేదన్నారు.
ఏమీ లేకుంటే యాల కొట్టుకుంటాది?"
డయాజిపామ్, ఐదు మిల్లీగ్రాములు,
రాత్రిపూట ఒకటి, పది రోజులు.
రిజిస్టరులో ఆమె పేరు రాశా,
డాక్టరు పేరు, మాత్రల లెక్క.
ఈ మందు బొరుగులు కొలిచినట్టు కొలిచేది కాదు.

ఆమెకు చెప్పలేదు గానీ
ఆ బిళ్ళలో ఏముందో నాకు తెలుసు.
ఆరు మూలల గది ఒకటి,
దాని గోడకు ఆనుకుని ఏడు మూలల గది,
ఆ ఏడింటిలో రెండు మూలలు నైట్రోజన్‌వి,
యూరియా బస్తాలో ఉండేదే, వేరే కాదు.
పక్కన వేలాడుతూ ఇంకో ఆరు మూలలు.
అంచున ఒక క్లోరిన్,
ఉప్పుడబ్బాలో సోడియం చెయ్యి పట్టుకుని కూర్చునే
ఆ క్లోరినే.
అన్నీ మన చేలో, వంటింట్లో తిరిగేవే.
కూర్చున్న తీరే మందు.

గాబరా అనే మాటలోంచి
"రా" తీసేస్తే మిగిలేది గాబా.
నవ్వొస్తుంది గానీ
మెదడును నెమ్మదింపజేసే రసాయనం పేరు నిజంగా అదే.
అది వచ్చి తడితే నరం గోడకున్న తూము తెరుచుకుంటుంది,
క్లోరైడు లోపలికి పారుతుంది,
ఎగిరెగిరిపడే నరం
తడిసిన దుమ్ములా అణుగుతుంది.
డయాజిపామ్ తూము తెరవదు.
పక్కన నిలబడి
గాబా ఒకసారి తెరిచే చోట
మళ్ళీ మళ్ళీ తెరిచేట్టు చేస్తుంది.
గాబా రాకుంటే దాని చేతిలో ఏమీ లేదు.
నాయన అనేవాడు,
"సుంకేసులలో నీళ్ళుంటేనే పాపా
నా చక్రానికి మర్యాద."

ఇదే మందు సూదిలోకెక్కి
ఫిట్సొచ్చి కొయ్యబారిన మౌలాలి మనవడి
బిగిసిన పళ్ళు విడిపించింది.
మూడు రోజులు తాగక చేతులు వణికి
గోడ మీద లేని చీమలు ఏరుతున్న
లారీ ఓబుళేసును
మంచానికి కట్టకుండానే పడుకోబెట్టింది.
మూట ఎత్తబోయి నడుం పట్టేసిన హమాలీకీ ఇదే.
గఫూర్ మామకు కూడా...
వద్దులే ఆ సంగతి.
కాదు, చెప్పాల.
ఆయన దీన్ని సారాయితో మింగినాడు.
ఆ రాత్రి ఊపిరి
తన పని తాను మరిచిపోయింది.

ఒక ఏడు పైరైతులు రాత్రిళ్ళు
నాయనకు తెలియకుండా తూము లేపి
రాయి అడ్డం పెట్టేవాళ్ళు.
పంటకాలం అయ్యేలోపల చక్రం పళ్ళు అరిగిపోయి
దింపుదామన్నా దిగలేదు.
నరమూ అంతే.
రోజూ ఎవరో వచ్చి తెరుస్తుంటే
తన తూములు తానే పూడ్చుకుంటుంది.
ఉన్నట్టుండి మందు మానేస్తే
పాత గాబరా చుట్టాల్ని వెంటేసుకుని వస్తుంది.

ఐదో నెల సుంకులమ్మ చీటీ లేకుండా వచ్చింది.
ఇయ్యనన్నా.
"నీ షాపుకు నిప్పు పడ" అని
బస్టాండు దాకా తిట్టుకుంటూ పోయింది.
మరుసటి రోజు నేనే డాక్టరు దగ్గర కూర్చోబెట్టినా.
ఆయన రాసిచ్చినాడు:
కొన్ని వారాలు ముప్పావు, కొన్ని వారాలు సగం, ఆ తర్వాత పావు.
మాత్ర మీద గీత ఎందుకో అప్పుడు చూపించా.
బొటనగోరు ఆనించి టక్కున విరిచింది,
వేరుశనక్కాయ ఒలిచినట్టు.
వేలికంటిన పొడి నాకబోయి
నా మొహం చూసి చీరకు తుడుచుకుంది.

ఈ రోజొచ్చింది.
పావు కూడా అయిపోయి పదకొండు రోజులంట.
"కొట్టుకుంటాందా?" అన్నా.
"కొట్టుకోకుంటే చచ్చినట్టు గదా పాపా,"
ఉల్లి ధర ఇంకా లేవలేదని కూడా చెప్పి,
నారుకు పట్టిన తెగులుకు మందుందా అనింది.

అది నా షాపులో లేదు.