నలభై ఏడో నంబరు

గురువారం ఉతుకుల రోజు.
నది మీంచి గాలి ఉప్పు మోసుకొస్తుంది.
ఇక్కడ సెయింట్ లారెన్స్‌కి మన ఒడ్డు ఒక్కటే,
అవతలిది నమ్మాలి, కనబడదు.
తీగ మీద ముప్ఫై రెండు గలీబులు,
ప్రతిదాని మూలా ఎర్రదారంతో ఒక అంకె.

మొన్న మాంట్రియల్ అతిథి, మౌనంలో ఉండాల్సినవాడు,
గుసగుసగా అడిగాడు:
"ఈ కుట్టు చెంపకి గుచ్చుకుంటోంది, ఏమిటిది?"
దిండు తిరగేసి పడుకోమన్నాను.
చెప్పాలంటే చాలా ఉంది,
ఆయన కట్టింది రెండు రాత్రులకే.
పొద్దున గంజి దగ్గర చూస్తే
చెంప మీద నలభై ఏడు, తిరగబడి, ఎర్రగా.
నేను చెప్పలేదు.

మొదట ఆరుగురు వచ్చారట, పడవలో.
మూడు పెట్టెలు, ఒక ఇనప పొయ్యి,
తడిసి మొలకలెత్తిన బంగాళాదుంపల బస్తా.
ఊరు ఊరంతా రాళ్లు మోసింది.
మా ముత్తాత కిటికీలు చేశాడు,
కూలికి బదులు ఇద్దరు కూతుళ్లకి చదువు అడిగాడు.
పెద్దది చదువుకుని ఇంటికొచ్చింది.
చిన్నది లోపలే ఉండిపోయింది.

లోపలికి వెళ్లేవాళ్లు పేరు గుమ్మంలో వదలాలి.
కొత్త పేరు దేవుడికి, నంబరు ఉతుకుల గదికి.
చనిపోతే పేరు శిలువ మీద చెక్కుతారు,
నంబరు మాత్రం ఉతికి ఆరేసి
తర్వాత వచ్చిన పిల్లకి ఇస్తారు.

నలభై ఏడు మా చిన్నముత్తవ్వది.
విషజ్వరం ఏడాది తరగతి గదుల్లో మంచాలు వేశారు;
పిల్లలకి నీళ్లు తాగిస్తూ తిరిగి తిరిగి
చివరి మంచం తనే ఎక్కింది.
తర్వాతి నలభై ఏడు పూజ అప్పాలు కాల్చేది.
గుండ్రంగా కత్తిరించగా మిగిలిన ముక్కలు
ఐదు సెంట్లకి పొట్లం కట్టి మాకు అమ్మేది.
ఆదివారం నాలుక మీద దేవుడు,
శనివారం జేబులో దేవుడి అంచులు.

మూడో ఆమె సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ తర్వాత ఒక ఏడు గుమ్మంలో ఎవరూ పేరు వదల్లేదు.
మరుసటి ఏడూ అంతే.
బడిని ప్రభుత్వం తీసుకుంది.
ముసుగులు పొట్టివై, పొట్టివై, మేకులకి చేరాయి.
చివరికి పదకొండుమంది, డెబ్భై గదులు,
వాన పడితే తొమ్మిది బాల్చీలు.
గంట అమ్మి కప్పు వేయించారు.
ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గర చేతులెత్తి
ఇంటిని ధ్యానగృహం చేశారు;
తాళాలు నాకిచ్చారు, దుప్పట్ల బీరువాతో సహా.

సిస్టర్ ఓడీల్ ఇప్పుడు రిముస్కీ వృద్ధాశ్రమంలో ఉంది.
చూపు లేదు. పోయిన నెల ఒక గలీబు పట్టుకెళ్లాను.
జపమాల పూసలా దారం తడిమింది.
"ఓ, ఇదా," అని నవ్వింది.
"ఆవిరి గదిలో ఈల వేసేది. తప్పు కదా,
మదర్ అడుగులు వినబడగానే నేను గట్టిగా దగ్గేదాన్ని.
ఒక ఏప్రిల్లో, మంచు కరిగి దారంతా బురద,
గుమ్మంలో నిలబడి
తన పాత పేరు తిరిగిమ్మని అడిగింది.
ఇచ్చేశారు. వెళ్లిపోయింది."

ఏ పేరు, అన్నాను.
అది గుర్తు లేదంది.
పాట గుర్తుందంటూ పెదాలు సున్నా చుట్టింది.
పళ్లు లేవు.
గాలి వచ్చింది, కాసేపు.