పెడచెవి

రాజుగారి చెవి మా ఇంటికి
ముందు పడవలో, తర్వాత ఎద్దుబండిలో వచ్చింది,
గడ్డి కింద, విరిగిన గుర్రపు డెక్క పక్కన.
కుడిదో ఎడమదో తెలీలేదు.
దోసిలి నిండేంత సీసం,
పైన ఉల్లిపొర మందాన బంగారం.

న్యూయార్క్‌లో జనం విగ్రహానికి తాళ్ళు కట్టి లాగారట.
గుర్రంతో సహా రాజు బోర్లాపడ్డాడట.
బండి తోలుకొచ్చిన జబెజ్ మామ
మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని అన్నాడు:
"ఇన్నేళ్ళూ మన మొర పెడచెవిన పెట్టాడుగా.
ఇదిగో, ఆ పెడచెవి ఇదే. కరిగించుకోండి."

నాన్న పగలబడి నవ్వాడు.
పదకొండేళ్ళ అర్జీలన్నీ ఆయనకి నోటికొచ్చు.
కాగితం మీద పన్ను, గాజు మీద, రంగు మీద, టీ ఆకు మీద.
సముద్రానికి ఇవతల నిలబడి
చెవిటివాడి ముందు ఊదిన శంఖాలన్నీ.
మేం టీ మానేసి
కోరింద ఆకులు కాచుకుంటున్న మూడో ఏడు అది.
అమ్మ మాత్రం నవ్వలేదు.
బంగారం గీకడానికి కత్తి వెతుక్కుంటోంది.

నా పేరు సబ్మిట్.
లోబడి ఉండమని అర్థం.
నేను పుట్టినప్పుడు తాత బైబిలు తెరిచి,
వేలు ఆగిన చోట చూసి పెట్టిన పేరు.
పదహారేళ్ళ సబ్మిట్ పార్డీని
తూటాల అచ్చు ముందు కూర్చోబెట్టారు.

తిత్తి ఊదేది క్వామినో.
నాన్న లెక్కపుస్తకంలో
ఎర్రావుకీ ఇనప నాగలికీ మధ్య గీతలో ఉంటాడు,
నలభై పౌండ్లు అని.

మూకుట్లో చెవి వెంటనే కరగలేదు.
ముందు అంచు మెత్తబడింది.
తర్వాత లోపలి మలుపులు, నత్తగుల్లలాంటివి,
ఒకదాని మీదొకటి వాలాయి.
అమ్మ కత్తికి అందని బంగారం
తెట్టులా తేలింది. గరిటెతో తీసి బూడిదలో పోశాను.

అంతా బండి దగ్గరున్నారు. తిత్తి ఆగింది.
క్వామినో వంగాడు,
కనుబొమలు కమురుతాయేమో అన్నంత దగ్గరగా.
ముందు తన భాషలో ఏదో అన్నాడు.
తర్వాత మా భాషలో:
"నాదీ ఒక అర్జీ ఉంది."
నాతో కాదు. సీసంతో.
చెవి ఒక్కసారి మెరిసి, ఒరిగి
మడుగైపోయింది.

నేను విన్నాను.
అచ్చు మూశాను, పోశాను, తెరిచాను.
గుడ్డ మీద తూటా పడిన చప్పుడు
నానిన బఠానీ జారినంత.
మళ్ళీ మూశాను.

పొద్దుగూకేసరికి నూట పదకొండు.
నాన్న ఒక్కోదాన్నీ వేళ్ళ మధ్య దొర్లించి చూశాడు.
"ఇప్పుడు వింటాడు" అన్నాడు.

ఆ అక్టోబరులో అన్న ఎనోస్ పేరు చీటీలో వచ్చింది.
అన్నకి దగ్గు. అన్నకి కొత్త పెళ్ళాం.
అన్నకి బదులు క్వామినో వెళ్ళాడు.
తిరిగొస్తే విడుదల కాగితం రాసిస్తానని
నాన్న వాకిట్లో, నలుగురూ వినేలా చెప్పాడు.
అతని నడుము సంచిలో నేను పోసిన తూటాలు.
వాటిలో చెవివి ఎన్నో, డెక్కవి ఎన్నో.

మూడు చలికాలాల తర్వాత వచ్చాడు,
రెండు కాలివేళ్ళు మంచుకిచ్చి.
ఆదివారం. గుమ్మంలో నిలబడి, టోపీ తీసి
కాగితం సంగతి అడిగాడు.
ఊళ్ళో గంటలు మోగుతున్నాయి, ఎక్కడో గెలిచామని.
నాన్న వంగి బూటు కొక్కెం పెట్టుకుంటున్నాడు.
చాలాసేపు పెట్టుకున్నాడు.

ఆ రోజు మూకుట్లో
అంతా కరగలేదని అప్పుడు తెలిసింది.
ఎవరి చెవిలో ఎంత మిగిలిందో,
నా చెవిలో ఎంతో.

"నాన్నా, అడుగుతున్నాడు" అన్నాను.

"సబ్మిట్!" అన్నాడు నాన్న, తలెత్తకుండా.
పిలిచాడో, శాసించాడో.

గంటలు ఆగేదాకా ఉండి
మళ్ళీ అన్నాను.