పిల్లికూతలు

కరోనా పోతపోత నా ముక్కును పట్టుకపోయింది.
నాలుగేండ్లాయె.
పోపు మాడినా తెల్వది, పాలు విరిగినా తెల్వది.
గసుంటి దాన్ని బాదేపల్లిల
ఏడుగురు పోరగాండ్లను చూసుకుంట
ఇంట్ల వాసనలకు కావలి ఉన్న.

హఫ్సా వచ్చినప్పటి సంది ఇదే కత.
మూడేండ్ల పిల్ల, పిడికెడు ఎద.
తబస్సుమ్ సంచిల నుంచి నీలం మూత పంపు తీసి
ఎట్ల పీల్పియ్యాల్నో రెండుసార్లు చూపిచ్చి
"ఖుష్బూ పడదు పెద్దమ్మా" అన్నది,
చేబదులు అడిగినట్టు, మెల్లగ.

నేను మర్చిపోయిన.
పొద్దుగాల పటం కాడ ఊదుబత్తి ముట్టిచ్చిన.
జరసేపటికి సన్నగ కూత.
ఎవరింటి పిల్లిరా ఇది అనుకుంట
మంచం కిందికి వంగి చూసిన.
మంచం కింద లేదు.
పిల్ల ఎదల ఉన్నది.

ఆనాటి సంది దేవునికి వట్టి దీపమే.
ఆయనేమనుకోలే.
ఫినాయిల్ డబ్బా ఎనక రేకుల కిందికి పోయింది,
బండలకు ఉప్పునీళ్ళు.
మా ఇంటాయన తలకు బామ్ పూసుకున్న దినం
గేటవతల కుర్చీ ఏసుకొని కూసుంటడు
పేపర్ అడ్డం పెట్టుకొని,
అలిగిన కొత్తల్లుని లెక్క.

తలుపుకు కాయితం అతికిచ్చిన:
సెంటు వద్దు. వాసన నూనె వద్దు. మల్లెపూలు వద్దు.
ఒకామె చదివింది, జడల మూరను తడుముకున్నది,
"మేమేమన్న గలీజుగున్నమా" అన్నది.
పిల్లగాన్ని మళ్ల తోలలే.
నెలకు పదిహేను వందలు.
ఇంకొకామె మాటనలే,
పూలు తీసి గేటు సువ్వకు చుట్టి డ్యూటీకి పోతది,
మాపటికి వాడినయి తీసి మళ్ల జడల పెట్టుకుంటది.
నడుమ పగటీలంత
నా గేటు పెండ్లిపిల్ల.

ఇగ మిగిలింది నవనీత కొడుకు.
పదినెల్లోడు. తల్లి చున్నీ ముక్క
ముక్కుకు ఆనితేనే రెప్ప వాలుస్తడు.
ఆ ముక్క మడత ఇప్పితే సాలు
ఇవతలి చాపల పిల్లి లేస్తది.

మరిగే నీళ్ళల్ల ఏసిన,
మూడుసార్లు పిండి మిట్టమధ్యానం ఎండకేసిన.
వాడు ముక్కుకు పెట్టుకున్నడు. తీసిండు.
ఇది ఎవరిదన్నట్టు నా మొకం చూసిండు.
గప్పుడు ఏడ్చిండు సూడు,
నాకు తెల్వకుంటనే నా చేతుల
ఏదో ఒకటి సచ్చిపోయిందనిపిచ్చింది.

నవనీతను కూసోబెట్టి అడిగిన,
గంత పౌడరెందుకు బిడ్డా అని.
గోలీల కంపెనీల పని ఆమెది.
పసుపురంగు పట్టిన గోర్లను చున్నీ కిందికి జరుపుకుంట
"ఎన్ని నీళ్ళు పోసుకున్నా
తోలు లోపల్నుంచి మందు వాసన వస్తది పెద్దమ్మా.
నా కొడుకు నన్ను కంపెనీ అనుకుంటడేమోనని
దాని మీద ఇది కొట్టుకుంట" అన్నది.

నేనేమంటా?
ముక్కులేని దాన్ని.
రేపు ఆదివారం కద, అన్న.
ఏం పూసుకోకుండ ఈ ముక్క మెడకు చుట్టుకొని
వంట చెయ్యి, బట్టలు పిండు, పండుకో.
"ఛీ, చెమట" అని నవ్వింది,
నవ్వుకుంటనే మడతపెట్టి బ్యాగుల ఏసుకున్నది.

సోమవారం తెచ్చింది. ముడతలు ముడతలు.
ఆశ సావక నేను గూడ ముక్కుకు ఆనిచ్చుకున్న.
వట్టి మెత్తన, ఇంకేం లేదు.
పోరడు గుంజుకున్నడు.
ఒక్కసారి గట్టిగ పీల్చి, రెండు కాళ్ళు జాడిచ్చి,
అట్లనే పోయిండు నిద్రలకు.

నేను మాత్రం హఫ్సా ఎద మీద చెయ్యేసి
గడియారం దిక్కు చూసుకుంట కూసున్న.
పదినిమిషాలు. పావుగంట.
లేవలే పిల్లి.

మార్కెట్ల పల్లికాయ బస్తాలు దించుతున్నరట,
దుబ్బ వాసన గుప్పుమంటున్నదని
గేటు కాడికెళ్ళి ఇంటాయన ఒర్రుతున్నడు.
కిటికీ మూద్దామని లేవబోయి
చెయ్యి తియ్య బుద్ధికాక
ఆయన్నే రమ్మన్న.
ఆగి, మళ్ల అడిగిన:
బామ్ కడుక్కున్నవా?